చిన్న ఆఫ్‌రోడ్ క్యాంపింగ్ ట్రైలర్: ముందు కాగితం మీద తూకం, తర్వాతే వెల్డింగ్

జీప్ రాంగ్లర్, టొయోటా టకోమా, ఫోర్‌రన్నర్ లాంటి బండి వెనక తగిలించుకుని అమెరికాలోని యూటా, ఆరిజోనా, కొలరాడో మట్టిదారుల్లోకి లాక్కెళ్లే చిన్న ట్రైలర్ గురించి ఈ పోస్టు. లోపల ఇద్దరు పడుకునే చోటు, వెనక తలుపు పైకెత్తితే వంటగది. అంతకు మించి ఏమీ ఉండదు. గ్యారేజీలోంచి కార్లు బయటికి తీస్తే అక్కడే కట్టేయొచ్చు.

చాలామంది పడక దగ్గర బొమ్మ గీయడం మొదలుపెడతారు. కిటికీలు, అరలు, దీపాలు అన్నీ కుదిరాక యాక్సిల్ (ఇరుసు) ఎక్కడ పెట్టాలా అని ఆలోచిస్తారు. అది తలకిందుల పని. మొత్తం బరువెంత, అందులో ఎంత హిచ్ (బండి వెనక ట్రైలర్‌ని తగిలించే కొక్కెం) మీద పడుతుంది అన్నది తేలితేగానీ ఫ్రేమ్ ట్యూబు సైజూ, స్ప్రింగూ, టైరూ, బ్రేకులూ ఏవీ తేలవు.

వెడల్పు దగ్గరే మొదటి పేచీ

ఫుల్ సైజు పరుపు 54 అంగుళాల వెడల్పు, 75 అంగుళాల పొడవు. గోడల మందం కలిపితే పెట్టె బయటి వెడల్పు 56 అవుతుంది. గోడకీ టైరుకీ మధ్య రెండు వైపులా 2 అంగుళాల చొప్పున వదిలి, 235/75ఆర్15 టైర్లు వేస్తే బయటి అంచు నుంచి బయటి అంచుకి 78 అంగుళాల పైచిలుకు. ఫెండర్లతో కలిపి 80 లోపు ముగించాలి. 80 దాటితే ఫెడరల్ నిబంధనల ప్రకారం అదనపు క్లియరెన్స్ లైట్లు తప్పనిసరి. పైగా బండి వెడల్పుని చాలా దాటిపోయిన ట్రైలర్ ఇరుకు దారిలో చెట్లకీ బండరాళ్లకీ తగులుతుంది.

రాంగ్లర్ చక్రాల మధ్య దూరం సుమారు 62–63 అంగుళాలు. మనం గీసిన ట్రైలర్‌ది 69 దాకా వస్తుంది. అంటే ట్రైలర్ చక్రం ఒక్కో వైపు మూడు అంగుళాలు బయటికి నడుస్తుంది. గట్టి మట్టిరోడ్డులో దీంతో ఇబ్బంది లేదు. లోతైన చక్రాల గాళ్లు పడిన దారిలో, ఇసుకలో మాత్రం ట్రైలర్ తన గాడి తానే తవ్వుకోవాలి, ఇంజిన్ మీద భారం పెరుగుతుంది. గాళ్లు కచ్చితంగా కలవాల్సిందే అంటే పెట్టె 48 అంగుళాలకి కుదించాలి. అది ఇద్దరికి ఇరుకు. నా ఓటు 54 అంగుళాల పరుపుకే. ఎక్కువమంది వెళ్లే దారులకి అది చాలు.

హబ్ (చక్రాన్ని బిగించే మధ్య భాగం) మీద బోల్టుల అమరిక బండితో కలిసేలా ఆర్డర్ చేసుకోండి. ఇప్పటి రాంగ్లర్లకి 5 బోల్టులు, 5 అంగుళాల వృత్తం. టకోమా, ఫోర్‌రన్నర్‌లకి 6 బోల్టులు, 5½ అంగుళాలు. టైరు వ్యాసం కూడా కలిస్తే బండి స్పేరే ట్రైలర్‌కీ పనికొస్తుంది. కలవకపోతే ట్రైలర్‌కి వేరే స్పేర్ మోయాలి, అదొక 55 పౌండ్లు.

తూకం

8 అడుగుల పొడవు, 4 అడుగుల ఎత్తు పెట్టెకి లెక్క ఇలా వస్తుంది. ఫ్రేమ్, ప్లేట్లు, బ్రాకెట్లు 220 పౌండ్లు. యాక్సిల్, హబ్బులు, బ్రేకులు 170. మూడు చక్రాలు 165. ప్లైవుడ్, ఫోమ్, అల్యూమినియం రేకు కలిపి 380. తలుపులు, వెనక హ్యాచ్, కప్పు ఫ్యాను 80. బ్యాటరీ, సోలార్ ప్యానెల్, వైరింగ్ 70. ఫ్రిజ్, వంటగది సొరుగులు 90. ఖాళీ ట్రైలర్ 1,175 పౌండ్లు తూగుతుంది. పది గ్యాలన్ల నీళ్లు 83 పౌండ్లు. ట్యాంకు, గ్యాస్ సిలిండర్, పరుపు, బట్టలు, పనిముట్లు, తిండి కూడా చేరితే 1,600 దగ్గర ఆగుతుంది. మనవాళ్ల ప్రయాణమంటే ప్రెషర్ కుక్కర్, ఇడ్లీ పాత్ర, బియ్యం సంచి, పచ్చళ్ల సీసాలు తప్పవు కదా. అవన్నీ వెనక వంటగదిలోకే చేరతాయి. ఆ మాట గుర్తుపెట్టుకోండి, కిందే దాంతో పని పడుతుంది.

మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ బాల్ మీద పడాలి. టంగ్ అంటే పెట్టె ముందు నుంచి హిచ్ దాకా సాగే ఫ్రేమ్ భాగం, దాని కొసన పడే ఈ బరువునే టంగ్ వెయిట్ అంటారు. తగ్గితే హైవే మీద 60 మైళ్ల వేగంలో ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. ఒకసారి ఊపు అందుకున్నాక బండి బ్రేకు తొక్కితే అది ఇంకా పెరుగుతుంది. బండి బ్రేకు జోలికి వెళ్లకుండా, ట్రైలర్ బ్రేకులు మాత్రమే డ్రైవరు దగ్గరుండే కంట్రోలర్ నుంచి చేత్తో వేయాలి. టంగ్ వెయిట్ మరీ ఎక్కువైతే బండి వెనక కుంగి, ముందు చక్రాల మీద భారం తగ్గి స్టీరింగ్ తేలికవుతుంది.

పెట్టె ముందు గోడ నుంచి బాల్‌కి 48 అంగుళాలు, అదే గోడ నుంచి వెనక్కి యాక్సిల్‌కి 58 అంగుళాలు అనుకుందాం. బాల్ నుంచి యాక్సిల్‌కి 106. 1,600కి 12 శాతం అంటే 192 పౌండ్లు. అంత బరువు బాల్ మీద పడాలంటే ట్రైలర్ గురుత్వ కేంద్రం యాక్సిల్‌కి 106లో 12 శాతం ముందు, అంటే 12.7 అంగుళాలు ముందు ఉండాలి. ఇక ప్రతి వస్తువుకీ ఒకటే గుణకారం: వస్తువు బరువుని యాక్సిల్ నుంచి దాని దూరంతో గుణించి 106తో భాగించాలి. యాక్సిల్‌కి ముందుంటే కలపాలి, వెనకుంటే తీసేయాలి.

వెనక వంటగదిలో ఫ్రిజ్, స్టవ్, సామాన్లు కలిపి 150 పౌండ్లు, యాక్సిల్‌కి 28 అంగుళాల వెనక ఉన్నాయనుకోండి. టంగ్ మీంచి 40 పౌండ్లు పోయాయి. స్పేర్ టైరు అందంగా ఉంటుందని వెనక తగిలిస్తే, 44 అంగుళాల వెనక 55 పౌండ్లు, ఇంకో 23 పోయాయి. అదే స్పేర్‌ని టంగ్ మీద, యాక్సిల్‌కి 65 అంగుళాల ముందు పెడితే 34 కలుస్తాయి. ఒక్క టైరు జాగా మారినందుకే 57 పౌండ్ల తేడా. నీళ్ల ట్యాంకు సరిగ్గా యాక్సిల్ మీదో, కొద్దిగా ముందో ఉండాలి. వాడేకొద్దీ ఖాళీ అయ్యే వస్తువు అది. దూరంగా ఉంటే ట్రిప్పు మొదట్లో ఉన్న టంగ్ వెయిట్ చివర్లో ఉండదు. బ్యాటరీ ముందు గోడ దగ్గర ఉంటే వంటగదికి మంచి సరితూకం.

కట్టడం పూర్తయ్యాక సామాను మొత్తం నింపి, ట్రైలర్‌ని సమతలంగా నిలబెట్టి, కప్లర్ (టంగ్ కొసన బాల్ మీద కూర్చునే భాగం) కింద చెక్క దిమ్మె పెట్టి, ఆ దిమ్మె కింద స్నానాలగదిలో వాడే బరువు స్కేలు పెడితే టంగ్ వెయిట్ తెలిసిపోతుంది. మొత్తం బరువుకి ట్రక్ స్టాపుల్లో తూకపు వేదికలు ఉంటాయి. రిజిస్ట్రేషన్‌కి కొన్ని రాష్ట్రాల్లో ఆ చీటీ అడుగుతారు కూడా.

ఫ్రేమ్ ఎక్కడ విరుగుతుంది

టంగ్ వచ్చి పెట్టె ముందు అడ్డ ట్యూబుని కలిసే చోట. దాదాపు ఎప్పుడూ అక్కడే.

టంగ్ మీద 192 పౌండ్లు, 48 అంగుళాల దూరం. కదలకుండా ఉంటే ఆ జాయింట్ దగ్గర వంపు భారం 9,200 అంగుళ-పౌండ్లు. గుంటల్లో పడేటప్పుడు మూడింతలు వేసుకుంటే 27,600. 2×3 అంగుళాల, ⅛ అంగుళం మందం స్టీల్ ట్యూబుని 3 అంగుళాల వైపు నిలువుగా పెడితే దాని సెక్షన్ మాడ్యులస్ (వంగకుండా ఎంత ఆగుతుందో చెప్పే అంకె) 0.98. ‘ఏ’ ఆకారంలో రెండు ట్యూబులుంటే ఒత్తిడి చదరపు అంగుళానికి 14,000 పౌండ్ల చిల్లర. ఆ స్టీలు 46,000 దాకా సాగకుండా ఆగుతుంది. మరి ఎందుకు విరుగుతుంది? బలం చాలక కాదు, వెల్డింగ్ అలసిపోయి. అలలు తేలిన వాష్‌బోర్డ్ రోడ్డు మీద ఒక మైలుకే కొన్ని వేలసార్లు ఆ జాయింట్ వంగి లేస్తుంది. డెత్ వ్యాలీలో రేస్‌ట్రాక్ అనే ఎండిన సరస్సుకి వెళ్లే 27 మైళ్ల రోడ్డు అలాంటిదే. ట్యూబు పై ముఖం మీద, కింది ముఖం మీద అడ్డంగా వేసిన వెల్డు అంచులో చిన్న గాడి ఉంటుంది, బీట అక్కడ పుడుతుంది.

అందుకే టంగ్ ట్యూబులు ముందు అడ్డ ట్యూబు దగ్గర ఆగిపోకూడదు. దాని కిందుగా వెళ్లి రెండో అడ్డ ట్యూబు దాకా సాగాలి. యాక్సిల్ బ్రాకెట్ దాకా వెళితే ఇంకా మేలు. దాటే చోట ట్యూబు పక్క ముఖాల మీద, పొడవు దిశలోనే వెల్డు వేయండి. అడ్డంగా పై నుంచి కింద నుంచి చుట్టేయొద్దు. బలం కోసం ప్లేటు వేస్తే చతురస్రం కాకుండా రెండు కొసలూ మొనదేలిన ప్లేటు వేసి, ఆ మొనల చివర ఒక అంగుళం వెల్డు లేకుండా వదలండి. ప్లేటు వేసి చుట్టూ బాగా నింపేస్తే గట్టిగా ఉంటుందనుకుంటారు గానీ, బీటని ఆ ప్లేటు చివరికి జరపడం తప్ప అది చేసేదేమీ లేదు.

2×2 ట్యూబుతో సరిపెడదామనే వాళ్లకి: 2×3 అడుగుకి 3.9 పౌండ్లు, 2×2 అడుగుకి 3.05. మాడ్యులస్ మాత్రం 0.98కి బదులు 0.55. పావు వంతు పైచిలుకు బరువుకి ముప్పాతిక వంతు పైగా అదనపు బలం వస్తుంది. పొడవు పట్టాలు, ముందు వెనక అడ్డాలు, టంగ్ అన్నీ 2×3. నేల కింది మూడు అడ్డాలు మాత్రం 2×2 చాలు.

120 వోల్టుల మీద నడిచే 140 ఆంపుల వైర్ ఫీడ్ మెషిన్ ఈ మందానికి సరిపోతుంది. డ్రైవ్‌వేలో గాలి ఉంటుంది కాబట్టి గ్యాస్ వాడే వెల్డింగ్ కంటే, గ్యాస్ అక్కర్లేని ఫ్లక్స్ కోర్ వైరు నయం. ట్యూబు మీది నల్లటి పొరని జాయింట్ దగ్గర గ్రైండర్‌తో తీసేయాలి. జింక్ పూత ఉన్న స్టీలు జోలికి వెళ్లొద్దు, ఆ పొగ పీలిస్తే జ్వరం వస్తుంది. ముందు అన్ని మూలలకీ టాక్‌లు (చుక్కల్లాంటి తాత్కాలిక వెల్డులు) వేసి, రెండు కర్ణాలూ కొలవండి. 1/16 అంగుళం లోపు తేడా ఉంటేనే పూర్తి వెల్డు. అదీ ఒక మూల తర్వాత ఎదురు మూల. వరసగా ఒకవైపే వేసుకుపోతే వేడికి ఫ్రేమ్ మెలిపడుతుంది. యాక్సిల్ బిగించే ముందు కప్లర్ మధ్యలోంచి యాక్సిల్ రెండు కొసలకీ టేపు పట్టి చూడండి. ⅛ అంగుళం మించి తేడా ఉంటే ట్రైలర్ పక్కకి లాగుతుంది, టైరు ఒకవైపే అరుగుతుంది.

యాక్సిల్, టైర్లు, బ్రేకులు

దుకాణంలో తేలిగ్గా దొరికేది 3,500 పౌండ్ల యాక్సిల్. హబ్బులు, బేరింగులు ఆ సైజువే తీసుకోండి: లోపలిది ఎల్68149, బయటిది ఎల్44649. చిన్న ఊళ్లో పనిముట్ల కొట్లో కూడా ఈ బేరింగులు దొరుకుతాయి. కానీ స్ప్రింగు కూడా 3,500ది అయితే 1,600 పౌండ్ల ట్రైలర్ కింద అది వంగనే వంగదు. ప్రతి గుంటకీ ట్రైలర్ గాల్లోకి లేస్తుంది, లోపల సొరుగుల స్క్రూలు ఊడతాయి. రబ్బరు టోర్షన్ యాక్సిల్ ఆర్డర్ చేసేటప్పుడు అవే స్పిండిల్స్‌తో (హబ్ కూర్చునే కొసలతో) 2,000 పౌండ్లకి తగ్గించి తయారు చేయమని అడగొచ్చు. డెక్స్టర్ టోర్‌ఫ్లెక్స్ లాంటివి అలా ఇస్తారు. దాని కొసన చక్రాన్ని పట్టే ‘చెయ్యి’ కోణం 22.5 డిగ్రీలు కిందికి ఉన్నది తీసుకుంటే నేల నుంచి ఎత్తు పెరుగుతుంది. టింబ్రెన్ వాళ్ల యాక్సిల్ లేని సస్పెన్షన్‌లో మధ్యలో అడ్డు గొట్టమే ఉండదు, రాళ్ల దారికి బాగుంటుంది. అయితే చక్రం మెలితిప్పే బలమంతా ఫ్రేమ్ పట్టా మీద పడుతుంది. బ్రాకెట్ ఉన్న చోట అటూ ఇటూ కలుపుతూ గట్టి అడ్డ ట్యూబు లేకపోతే పట్టా మెలిపడి చక్రాలు పైభాగంలో లోపలికి వాలతాయి.

ఫ్రేమ్ అడుగు నేల నుంచి 20 అంగుళాల ఎత్తులో ఉంటే, యాక్సిల్ వెనక 38 అంగుళాల పెట్టెకి డిపార్చర్ కోణం దాదాపు 30 డిగ్రీలు. వాగు దాటి గట్టు ఎక్కేటప్పుడు వెనక మూల నేలకి గీసుకునేది ఇది తక్కువైనప్పుడే. వెనక కింది మూలని ఏటవాలుగా కోసి కడితే పడక పొడవు తగ్గకుండానే కోణం పెరుగుతుంది.

కారు టైర్లు ట్రైలర్‌కి వాడితే వాటి మీద రాసిన బరువుని 1.1తో భాగించి లెక్క వేసుకోవాలి. మన ట్రైలర్‌లో ఒక్కో టైరు మీద పడేది 700 పౌండ్లే కాబట్టి సామర్థ్యానికి లోటు లేదు. రోడ్డు మీద 25 పీఎస్ఐ, మట్టిదారిలో 15–18. గాలి ఎక్కువుంటే తేలికైన ట్రైలర్ బంతిలా ఎగురుతుంది.

బ్రేకులు ఏ బరువు నుంచి తప్పనిసరో రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కాలిఫోర్నియాలో క్యాంప్ ట్రైలర్‌కి 1,500 పౌండ్ల నుంచే కావాలి, టెక్సాస్‌లో పరిమితి చాలా పైన. చట్టం అడిగినా అడగకపోయినా 10 అంగుళాల ఎలక్ట్రిక్ బ్రేకులు పెట్టుకోండి. కొండ దిగే మట్టిదారిలో చిన్న జీపుని వెనక నుంచి 1,600 పౌండ్లు తోస్తుంటే తెలుస్తుంది.

మామూలు బాల్ కప్లర్ గట్టి మట్టిరోడ్లకి పర్వాలేదు. బండి ఒక వైపు, ట్రైలర్ ఇంకో వైపు వాలే చోట అది ఇరుక్కుంటుంది. లాక్ ఎన్ రోల్, మెక్‌హిచ్ లాంటి మూడు దిశల్లో తిరిగే కప్లర్లు దీనికోసమే. మిలటరీ ట్రైలర్ల రింగు, పింటిల్ హుక్కు కూడా పనిచేస్తాయి గానీ దారి పొడవునా గలగల.

పెట్టె

నేలకి ½ అంగుళం ప్లైవుడ్. అడుగు ముఖానికీ, ముఖ్యంగా కోసిన అంచులకీ ఎపాక్సీ రెండు పూతలు. నీళ్లు చొరబడేది ముఖంలోంచి కాదు, అంచుల్లోంచి, బోల్టు రంధ్రాల్లోంచి. రంధ్రాన్ని కాస్త పెద్దగా తొలిచి, ఎపాక్సీతో నింపి, ఆరాక మళ్లీ సరైన సైజుకి తొలవండి. పెట్టెని ఫ్రేమ్‌కి 5/16 అంగుళాల క్యారేజ్ బోల్టులతో, మధ్యలో రబ్బరు పట్టీ వేసి బిగించాలి. జిగురుతో అతికించేస్తే ఫ్రేమ్ మెలితిరిగిన ప్రతిసారీ గోడల మూలలు తెరుచుకుంటాయి.

అల్యూమినియం రేకుని చెక్కకి పూర్తిగా అంటించొద్దు. 8 అడుగుల రేకు, ఎడారిలో తెల్లవారుజాముకీ మధ్యాహ్నానికీ మధ్య 80 ఫారెన్‌హీట్ డిగ్రీల తేడాకి పదో వంతు అంగుళం పెరుగుతుంది. కదలనివ్వకపోతే ఉబ్బుతుంది. అంచుల్లో బ్యూటైల్ టేపు, దాని మీద ట్రిమ్ పట్టీ, స్టెయిన్‌లెస్ స్క్రూలు, రేకులో రంధ్రాలు కొంచెం పెద్దవి. బ్యూటైల్ బదులు సిలికాన్ వాడినవాళ్లు తర్వాత రిపేరుకి చాలా కష్టపడతారు, దాని మీద కొత్త సీలెంట్ ఏదీ అంటదు.

దుమ్ము సంగతి వేరు. నడుస్తున్న ట్రైలర్ వెనక గాలి పీడనం తగ్గుతుంది, చక్రాలు లేపిన దుమ్మంతా అక్కడే సుడి తిరుగుతూ వెనక తలుపు సందుల్లోంచి వంటగదిలోకి చేరుతుంది. ఈపీడీఎం రబ్బరు సీలు మూడో వంతు నలిగేలా లాగి పట్టే కంప్రెషన్ లాచీలు కావాలి. ముందు గోడ పైభాగంలో ఫిల్టరు పెట్టిన చిన్న గాలి దారి వదిలితే లోపలి పీడనం పెరిగి దుమ్ము రాక చాలా తగ్గుతుంది. పడుకునేటప్పుడు కప్పు ఫ్యాను, కింద ఒక గాలి సందు తెరిచే ఉండాలి. లేకపోతే ఇద్దరి ఊపిరి తేమ తెల్లారేసరికి గోడల మీద నీరై కారుతుంది. గ్యాస్ సిలిండరు బయట, టంగ్ మీద. లోపల కార్బన్ మోనాక్సైడ్ అలారం.

కరెంటు

100 ఆంపవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 1,280 వాట్‌అవర్లు. చిన్న కంప్రెసర్ ఫ్రిజ్ రోజుకి సుమారు 400, ఫ్యాను, దీపాలు, ఫోన్లు కలిపి 150 తీసుకుంటాయి. ఎండ లేకుండా రెండు రోజులు నడుస్తుంది. 200 వాట్ల ప్యానెల్ ఉంటే ఎడారిలో లోటే ఉండదు. గడ్డకట్టే చలిలో, అంటే 32 డిగ్రీల ఫారెన్‌హీట్ కింద, ఈ బ్యాటరీని ఛార్జ్ చేస్తే పాడవుతుంది. దాన్ని ఆపేసే రక్షణ ఉన్నదే కొనండి.

బండి నుంచి ఛార్జింగ్‌కి ఏడు పిన్నుల సాకెట్‌లోని సన్న వైరు సరిపోదు. బండి బ్యాటరీ నుంచి ట్రైలర్‌కి 25 అడుగులు, తిరుగు వైరుతో 50. 12 గేజీ వైరులో 20 ఆంపులకి 1.6 వోల్టులు దారిలోనే పోతాయి. 6 గేజీ అయితే 0.4. మధ్యలో ఆండర్సన్ కనెక్టరు, ట్రైలర్‌లో 20 ఆంపుల డీసీ-డీసీ ఛార్జరు, బ్యాటరీ పక్కనే ఫ్యూజు. దీపాల గ్రౌండ్‌కి హిచ్ బాల్‌ని నమ్ముకోవద్దు. గ్రీజూ తుప్పూ చేరగానే టెయిల్ లైట్లు మిణుకుమంటాయి. తెల్ల వైరుని ప్రతి దీపం దాకా విడిగా లాగండి.

రోడ్డెక్కే ముందు

ఇంట్లో కట్టిన ట్రైలర్‌కి చాలా రాష్ట్రాల్లో తనిఖీ చేసి వీఐఎన్ (వాహన గుర్తింపు) నంబరు అధికారులే ఇస్తారు. స్టీలు, యాక్సిల్, దీపాల రసీదులు దాచండి. ఇండియాలో చదివేవాళ్లకి ఒక మాట: 1988 మోటారు వాహనాల చట్టంలో ట్రైలర్ కూడా మోటారు వాహనమే. థార్ వెనక తగిలించాలని ఉంటే స్టీలు కొనకముందే ఆర్టీవో ఆఫీసులో రిజిస్ట్రేషన్ సంగతి తేల్చుకోండి.

బేరింగ్ నట్టుని హబ్ తిప్పుతూ 50 ఫుట్‌పౌండ్లకి బిగించి, పూర్తిగా వదులు చేసి, మళ్లీ వేళ్లతో అందినంత బిగించి, నట్టు తిరగకుండా ఆపే కాటర్ పిన్ వంచాలి. చక్రాల నట్లని మొదటిసారి బిగించాక 10, 25, 50 మైళ్ల దగ్గర మళ్లీ టార్క్ రెంచ్‌తో చూడాలి. కొత్త రిమ్ముల పెయింటు నలిగి నట్లు వదులవుతాయి. మొదటి వంద మైళ్లలో ఆగిన ప్రతిచోటా హబ్ మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి నిలవకపోతే బేరింగ్ బిగువెక్కువో, బ్రేకు పట్టేసిందో చూడాలి. గ్రీజు నింపి, బేరింగులు, సీలు, స్టడ్‌లతో సహా సిద్ధం చేసిన హబ్ ఒకటి, కాటర్ పిన్నులు, స్పిండిల్ నట్టుకి సరిపడే రెంచీ టంగ్ పెట్టెలో పడేసుకుంటే దారి పక్కన అరగంట పని.